తాండ్ర కింద చాప గళ్ళు

పాత వ్యాసాలన్నీ కలిపి పుస్తకంగా వేద్దామని ఒక ప్రచురణకర్త అడిగితే, ఈ వేసవిలో కాగితాల పెట్టె తెరిచాను. ఇరవై ఏళ్ళలో రాసినవి నలభై దాకా తేలాయి. వాటిలో తప్పకుండా పుస్తకంలో ఉండాలని ముందుగా పక్కన పెట్టుకున్నది 2004లో ఒక ఆదివారం అనుబంధానికి రాసిన చిన్న వ్యాసం. పేరు ‘అత్తయ్య తాండ్ర’. నేను రాసినవాటిలో అన్నిటికంటే ఎక్కువ ఉత్తరాలు తెచ్చిపెట్టింది అదే. మా అమ్మమ్మ గుర్తొచ్చిందని, కళ్ళనీళ్ళు తిరిగాయని ఎవరెవరో రాశారు. విమర్శ రాసేవాళ్ళకి అలాంటి ఉత్తరాలు తరచుగా రావు. అందుకే దాచుకున్నాను.

ఇప్పుడా వ్యాసాన్ని మళ్ళీ చదివాక పుస్తకంలో వెయ్యాలో వద్దో తేలడం లేదు. ఇతరుల రచనల్లో ఎవరు కనబడుతున్నారు, ఎవరు కనబడటం లేదు అని వెతకడం ఇన్నేళ్ళుగా నా పని. ఆ పనే నా వ్యాసం మీద నేను చేస్తే ఏం మిగులుతుందో చూద్దామని ఇది రాస్తున్నాను.

వ్యాసంలో ఉన్నదిదీ. గోదావరి పక్క ఊళ్ళో మా తాతయ్యగారి ఇల్లు. వైశాఖం ఎండ. డాబా మీద పాత నులక మంచాలు వరసగా వేసి, వాటి మీద తాటాకు చాపలు పరిచేది మా మేనత్త. తెల్లవారుజామునే పీచుమామిడి పళ్ళు కడిగి, పిసికి, రసాన్ని పల్చటి గుడ్డలో వడగట్టి, బెల్లం కలిపి, పొద్దెక్కేసరికి చాపల మీద పల్చగా పోసేది. సాయంత్రానికి ఆ పొర ఆరేది. మర్నాడు దానిమీద ఇంకో పొర. అలా మూడు నాలుగు వారాలు. బొటనవేలి మందం వచ్చాక చాప మీంచి ఊడదీసి, కత్తిపీట మీద బద్దలు కోసేది. ఈ తినుబండారం పొయ్యి ఎక్కదు. ఎండే దానికి పొయ్యి. మధ్యలో ఒక్క వాన పడిందా, చేసిందంతా బూజే. పైన నున్నగా, నలుపు కలిసిన ఎరుపులో మెరిసేది. కింది వైపున మాత్రం చాప అల్లిక అచ్చుపడి చిన్న చిన్న గళ్ళుండేవి. మేం పిల్లలం ముందు ఆ గళ్ళ మీద నాలుక ఆనించి చూసేవాళ్ళం. ఆ తరవాతే కొరికేవాళ్ళం.

ఇదంతా రాసి, చివరి వాక్యంలో, ప్రతి పొరలోనూ ఆరి గట్టిపడింది అత్తయ్య ప్రేమేనని ముగించాను. ఉత్తరాలన్నీ ఆ చివరి వాక్యానికే వచ్చాయి.

వ్యాసం పెట్టెలోంచి తీసిన వారమే మా మేనకోడలు రాజమండ్రి నుంచి వస్తూ ఒక ప్యాకెట్ తెచ్చింది. అట్ట మీద ‘మ్యాంగో జెల్లీ’ అని ఉంది. తాండ్రకి ఈ పేరు ఎప్పుడు అంటుకుందో గాని, కోస్తాలో చాలా దుకాణాల్లో ఇదే వినిపిస్తుంది. జెల్లీ అంటే పండ్లరసాన్ని పంచదారతో ఉడికించి గడ్డకట్టించేది. తాండ్ర ఎండలో నీరింకి గట్టిపడేది. రెండూ ఒకటి కావు. ఉత్తరాదివాళ్ళు ఆమ్‌పాపడ్ అంటారు, మరాఠీవాళ్ళు ఆంబాపోళీ అంటారు, బెంగాలీలు ఆమ్‌సత్త అంటారు. అన్నీ ఎండనీ, ఓపికనీ నమ్ముకున్నవే. ప్యాకెట్ విప్పి ఒక బిళ్ళ నోట్లో పెట్టుకునే ముందు, నాకు తెలియకుండానే, వెనక్కి తిప్పి చూశాను. రెండు వైపులా నున్నగా ఉంది. గళ్ళు లేవు.

రుచి బాగానే ఉంది. చిన్నప్పటి రుచి కాదని ఇప్పుడు నిట్టూర్చబోవడం లేదు. ఆ నిట్టూర్పు మీద మనవాళ్ళు రాసినవి చాలా ఉన్నాయి. నన్ను ఆపింది వేరే. లేని గళ్ళు చూశాక ఉన్న గళ్ళు గుర్తొచ్చాయి. ఆ గళ్ళని నా వ్యాసంలో రెండు వాక్యాల్లో మురిపెంగా వర్ణించాను. చాప ఎక్కణ్ణించి వచ్చిందో రాయలేదు. అసలు ఎప్పుడూ అనుకోలేదు.

అడగాలంటే ఇంకా అత్తయ్య ఉంది. ఆమెకిప్పుడు ఎనభై నాలుగు. కాకినాడలో మా పెదనాన్న కొడుకు దగ్గర ఉంటోంది. పదిహేనో ఏట పెళ్ళయి, పంతొమ్మిదో ఏట భర్త పోయి, పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. బ్రాహ్మణ కుటుంబంలో 1960 నాటికి ఆ వయసు విధవకి ఇంకో దారి చూపించినవాళ్ళు లేరు. చూపు మందగించింది కాబట్టి నా వ్యాసం నేనే చదివి వినిపించాను. 2004లో అచ్చయినప్పుడు ఆమెకి చూపించలేదన్న సంగతి అప్పుడు స్ఫురించింది. ఆమె మీద రాసి, ఊరందరి ఉత్తరాలూ అందుకుని, ఆమెకి మాత్రం చదవమని ఇవ్వలేదు.

అంతా విని కొంతసేపు మాట్లాడలేదు. తరవాత, “ప్రేమేమిటే?” అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

“ఏడాదికి పాతిక ముప్ఫై కిలోలు పోసేదాన్ని. అంతా ప్రేమతోనే పోశానా? అమ్మేదాన్నే పిచ్చిమొహమా.”

ఆ మాట నేను అప్పటిదాకా వినలేదు. మా ఇంట్లో ఎవరూ అనలేదు. అత్తయ్య తాండ్ర బంధువులకి పంపిస్తుందని మాత్రమే మాకు తెలుసు. గుడ్డమూటలు కట్టి కొబ్బరికాయల బండి మీద రాజమండ్రి పంపించడం మేమంతా చూశాం. అక్కడ ఒక దుకాణంలో తూకం వేసి తీసుకునేవాళ్ళట. తాతయ్యగారి ఆడపడుచు, అందునా విధవ, తినుబండారం అమ్ముకుంటోందంటే ఇంటి పరువేం కావాలి? అందుకని అందరికీ తెలిసిన విషయాన్ని అందరూ కలిసి ‘పంపించడం’ అన్నారు. పళ్ళు దొడ్లో గాలికి రాలినవి. అవి ఆమెవని తాతయ్య ఒప్పుకున్నాడు. బెల్లం మాత్రం నాయనమ్మ లెక్క. ఎంత వాడిందో అంతకీ డబ్బు కట్టించుకునేదట. “అదీ మంచిదే. అప్పుంచుకోలేదు ఎవరికీ” అంది అత్తయ్య.

మాకు పెట్టినవి అంచులు. చాప చివర్ల రసం సరిగా పరుచుకోక, మందం తక్కువై, తూకానికి పనికిరాని ముక్కలు. నేను ఇరవై ఏళ్ళ కిందట ప్రేమ అని రాసినది, అత్తయ్య లెక్కలో తరుగు.

“మరి ఆ డబ్బు ఏం చేసేదానివి?”

“పుస్తకాలు” అంది. 

మా ఊరికి మూడు మైళ్ళలో అద్దె పుస్తకాల కొట్టు ఒకటుండేది. రోజుకి ఇన్ని పైసలని నవలలు అద్దెకిచ్చేవారు. ఆమె వెళ్ళడానికి లేదు. పాలేరు కుర్రాణ్ణి పంపించేది, వాడికో అణా విడిగా ఇచ్చి. యద్దనపూడి ‘సెక్రటరీ’ అలాగే చదివింది. లత, మాలతీ చందూర్ నవలలు అలాగే చదివింది. రంగనాయకమ్మ ‘బలిపీఠం’ మూడుసార్లు తెప్పించుకుందట. ‘బలిపీఠం’లో అరుణ బ్రాహ్మణ విధవ. ఆమె పెళ్ళాడేది ఒక దళితుణ్ణి. ఆ నవలనే మూడుసార్లు ఎందుకు తెప్పించుకున్నావని అడగబోయి ఊరుకున్నాను. “అరుణ నాకు నచ్చలేదు, కానీ వదల్లేకపోయాను” అని తనే అంది. అంతకంటే ఇంకేమీ చెప్పలేదు.

ఆ పుస్తకాల్ని బియ్యం డబ్బా వెనక దాచేది. నాకు పదకొండో ఏడు వచ్చాక అక్కణ్ణించి దొంగతనంగా తీసి నేనూ చదివాను. నా చదువు ఎలా మొదలైందని ఎవరడిగినా నేను ఆ బియ్యం డబ్బా కథే చెబుతాను. ఆ పుస్తకాలకి డబ్బెక్కడిదని ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదు. నేనూ అడుక్కోలేదు. అరవై డెబ్భై దశకాల్లో ఆడవాళ్ళు రాసిన నవలలు పత్రికల్ని ఏలాయని సాహిత్య చరిత్రల్లో రాస్తాం. వంటింటి నవలలు, మధ్యాహ్నం నవలలు అని మగ విమర్శకులు వాటిని తేలిక చేశారనీ రాస్తాం. ఆ నవలల్ని చదివినవాళ్ళలో సొంత సంపాదన లేనివాళ్ళు, ఇంట్లో అడగడానికి వీల్లేనివాళ్ళు ఆ పైసలు ఎలా పోగుచేశారన్న దాని మీద మనం రాసింది తక్కువ. అప్పడాలు, ఒడియాలు, తాండ్ర, కుట్టుపని - వీటి లెక్క తీస్తే తెలుగు నవలా పాఠకుల చరిత్రలో ఒక అధ్యాయం అవుతుంది.

ఇంటికొచ్చాక నా వ్యాసం చివరి వాక్యాన్ని మళ్ళీ చూసుకున్నాను. అబద్ధం రాశానని అనలేను. అత్తయ్యకి మేమంటే ప్రేమ లేదనీ కాదు. కానీ ఆ మాట వాడి నేను చేసిన పని, సరిగ్గా తాతయ్యగారి ఇల్లు ‘పంపించడం’ అన్న మాటతో చేసిన పనే. ఆమె పనితనానికి ధర ఉందని, ఆ ధర ఆమె చేతికి వచ్చిందని, ఆ చేతిలోని డబ్బుతో తనకి కావలసింది తను కొనుక్కుందని ఎవరికీ తెలియకుండా చెయ్యడం. వాళ్ళు పరువు కోసం చేశారు. నేను వ్యాసం బాగా రావడం కోసం చేశాను.

ఇది నా ఒక్కదాని వ్యాసానికి పట్టిన జబ్బు కాదు. చిన్ననాటి రుచిని తలుచుకునే సాహిత్యానికి మొదటినుంచీ ఉన్నదే. ప్రపంచమంతా ఉదహరించే పేజీ ప్రూస్ట్‌ది. 1913లో వచ్చిన మొదటి సంపుటంలో, టీలో ముంచిన చిన్న మాడెలైన్ కేకు ముక్క నోట్లో పెట్టుకోగానే కథకుడికి పోయిన బాల్యం మొత్తం లేచి వస్తుంది. దాని గురించి రాసిన విమర్శంతా కాలం గురించి, జ్ఞాపకం గురించి. ఆ టీ తెచ్చిచ్చింది తల్లి. చిన్నప్పుడు ఆ కేకు ముంచి ఇచ్చింది లెయొనీ అత్తయ్య. ఆ ఇంటి వంటగదిని నడిపింది ఫ్రాన్స్వాజ్. అదే సంపుటంలో, కాస్త ముందుకెళితే, గర్భంతో ఉన్న ఒక వంటింటి పనిపిల్ల ఉంటుంది. ఆ వేసవి అంతా ఇంట్లో దాదాపు రోజూ ఆస్పరాగస్ వండారు. ఎందుకో చాలా కాలానికి కథకుడికి తెలుస్తుంది. వాటిని ఒలిచేటప్పుడు ఆ వాసనకి ఆ పిల్లకి ఉబ్బసం వచ్చి ఊపిరాడదు. ఆమె పని మానేసి పోవాలనే ఫ్రాన్స్వాజ్ రోజూ అవే ఒలిపించింది. ఆ ఇంటి పిల్లవాడికి ఆస్పరాగస్ అంటే ఎంత ఇష్టమో, ఆ రంగులు ఎంత అందమో కూడా ఆ పుస్తకంలోనే ఉంది. ప్రూస్ట్ దాచలేదు. మాడెలైన్ పేజీని పదేపదే చదివి, ఈ పేజీ మీద ఆగకుండా వెళ్ళిపోయింది మనం.

మన తాండ్రకే దగ్గరగా ఉన్నది ఠాగూర్ సంగతి. చిన్నప్పుడు తను అల్లిన కొన్ని పాదాలని ‘జీవన్‌స్మృతి’ (1912)లో తలుచుకుంటాడు. పాలలో ఆమ్‌సత్త, అరటిపండు, సందేశ్ కలుపుకుని తినడం గురించి. ఒక్క మెతుకూ మిగలక చీమలు ఏడుస్తూ పోతాయి. తినే పిల్లవాడి తాండ్ర అది. 1940లో, తన ఎనభయ్యో ఏట అడుగుపెడుతూ రాసిన ‘ఛేలేబేలా’లో ఇంకో తాండ్ర ఉంది. అందులో ఆయన వదినగారి ఆమ్‌సత్తకి కాపలా ఉండే మరిది. డాబా మీద ఎండుతున్నదాన్ని కాయడం, ఆమె చిల్లర పనుల్లో తోడుండడం. ఆ వదిన కాదంబరీదేవి. 1868లో, తొమ్మిదేళ్ళ వయసులో, జోరాసాంకో ఇంటికి కోడలిగా వచ్చింది. 1884 ఏప్రిల్‌లో, పాతికేళ్ళైనా నిండకుండానే, ఆత్మహత్య చేసుకుంది. ఆమె గురించి అప్పట్నుంచీ నవలలు, సినిమాలు, ఊహాగానాలు వస్తూనే ఉన్నాయి. అన్నిట్లోనూ ఆమె కవికి ప్రేరణ. ఆయన పాటల్లో ఎక్కడెక్కడ ఉందో వెతుకుతారు. ఆ డాబా మీద తాండ్ర పోసిన మనిషిగా ఆమెని గుర్తుపెట్టుకున్నది ఠాగూరే. ఆ ఒక్క వాక్యంలో ఆమెకొక పని ఉంది, ఒక నైపుణ్యం ఉంది, కాపలాకి ఒక మరిది ఉన్నాడు. అయినా ఆ రోజుల గురించి ఆమె మాటల్లో మనకేమీ లేదు. తాండ్ర కాసిన పిల్లవాడి మాటే ఉంది.

తెలుగులో ఈ విషయాన్ని తిరగేసి చూపించింది విమల ‘వంటిల్లు’ కవిత. ‘నీలిమేఘాలు’ (1993) సంకలనం చదివినవాళ్ళెవరూ దాన్ని మరిచిపోలేరు. ఆ కవిత కూడా చిన్నప్పటి వంటింటి ఘుమఘుమలతోనే మొదలవుతుంది. తినడానికి వచ్చిన పిల్ల అదే గదిలో వండే మనిషిగా మారేసరికి ఆ గది ఏమైందో తరవాత చెబుతుంది. అంటే జ్ఞాపకం తియ్యగా ఉండాలంటే మనం పిల్లలుగానే ఉండిపోవాలి. వండే వయసు వచ్చాక ఆ గదే ఇంకోలా కనబడుతుంది. ఈ కవితని నేను ఎన్నో ఏళ్ళు క్లాసులో పాఠం చెప్పాను. ‘అత్తయ్య తాండ్ర’ రాసిన ఏడాది కూడా చెప్పాను. పాఠం చెప్పే మనిషి, ఆదివారం అనుబంధానికి రాసే మనిషి ఒకరికొకరు తెలియనట్టు ఉండిపోయారు.

ఇక్కడితో ఈ వ్యాసం ఆపెయ్యొచ్చు. ఆత్మవిమర్శ అయింది, అత్తయ్యకి న్యాయం జరిగింది, తప్పు దిద్దుకున్నాను. అలా ఆపాలనే అనిపించింది కూడా. కానీ నేను అత్తయ్య దగ్గరికి వెళ్ళింది చాప గురించి అడగడానికి.

రెండోరోజు అడిగాను. “చాపలా?” అంది, అదేం ప్రశ్న అన్నట్టు. “పేటలోంచి వచ్చేవి. అదే తెచ్చేది.”

‘అది’ ఎవరని అడిగితే ఫలానావాడి పెళ్ళాం అంది. పేరు అడిగితే చాలాసేపు గుర్తు తెచ్చుకుంది. గుర్తొచ్చింది. మాల పేట నుంచి ఏటా ఫాల్గుణంలో వచ్చి కొలతలు తీసుకునేది. తాటాకులు తెచ్చి, ఎండబెట్టి, ఈనెలు తీసి, సన్నగా చీల్చి అల్లేది. తాండ్ర చాప మామూలు చాపలా ఉంటే లాభం లేదట. అల్లిక బిగువుగా ఉండాలి, లేకపోతే రసం కారిపోతుంది. మరీ బిగువైతే ఆరాక ఊడిరాదు. ఆ చుట్టుపక్కల అంత సరిగ్గా అల్లే మనిషి ఇంకొకరు లేరని అత్తయ్యే చెప్పింది. చెబుతున్నప్పుడు ఆ గొంతులో ఒక పనిమంతురాలు ఇంకో పనిమంతురాలి గురించి మాట్లాడే గౌరవం ఉంది.

చాపలు పెరటి గుమ్మం బయట పెట్టి ఆమె దూరం జరిగేది. అత్తయ్య వాటి మీద నీళ్ళు చల్లి, కడిగి, ఎండలో వేసి, తరవాత డాబా ఎక్కించేది. నీళ్ళు చల్లాక చాప మనది. ఆ తరవాత దాన్ని ఆమె ముట్టుకోవడానికి లేదు. ఆ చాప మీద ఆరిన తాండ్రని కూడా ముట్టుకోవడానికి లేదు. చాపకి ఇంతని డబ్బు, రసం పిండేసిన టెంకలు ఒక గంపెడు ఇచ్చేవాళ్ళు.

నీళ్ళు ఎంత చల్లినా అల్లిక పోదు కదా. ప్రతి తాండ్ర ముక్క వెనక ఆమె చేతి అల్లిక అచ్చుపడే వచ్చింది. మా ఇంట్లో అందరూ, తాతయ్యగారితో సహా, దాన్ని తిన్నారు. నేనైతే ముందు దాని మీదే నాలుక పెట్టాను. మడి కట్టుకుని పోసిన తాండ్రలో అందరికంటే స్పష్టంగా కనబడే చెయ్యి, లోపలికి రానివ్వని మనిషిది. ఇంత దగ్గరగా ఉన్నదాన్ని నేను ‘అందమైన గళ్ళు’ అని రాశాను.

ఇదేమీ నేను కనిపెట్టిన సంగతి కాదని ఈ పత్రిక చదివే మీకు తెలుసు. ‘మన స్త్రీలం’ అని మనం అన్నప్పుడల్లా ఆ ‘మన’లో ఎవరున్నారని దళిత స్త్రీలు తొంభైల నుంచీ అడుగుతూనే ఉన్నారు. గోగు శ్యామల సంపాదకత్వంలో ‘నల్లపొద్దు’ వచ్చింది. జూపాక సుభద్ర లాంటివాళ్ళు సభల్లో, వ్యాసాల్లో సూటిగానే చెప్పారు. వంటింట్లోంచి బయటపడటం గురించి మనం రాస్తుంటే, ఆ వంటింటి గుమ్మం దాకా కూడా రానివ్వని వాళ్ళ సంగతేమిటన్నారు. మనం తలూపాం. తలూపి, మన మేనత్తల మీద రాసుకున్నాం. అత్తయ్య బాధితురాలు కాదు, సంపాదించుకున్న మనిషి అని దిద్దుకున్న నా కొత్త వ్యాసం కూడా, రెండోరోజు ఆ ప్రశ్న అడగకపోతే, ఆ గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

ఊరికి వెళ్ళాను. చాపలు అల్లిన ఆవిడ పోయి పదేళ్ళు దాటింది. కూతురు ఉంది, దాదాపు నా ఈడుది. నేను ఎవరి మనవరాలినో చెబితే, “తెలుసండీ, కూర్చోండి” అంది. మంచినీళ్ళిచ్చింది. ఎందుకొచ్చానో చెప్పాను. తాండ్ర అనగానే నవ్వింది.

“మా అమ్మ కూడా పోసేదండీ తాండ్ర.”

నేను తెల్లబోయాను. టెంకలు గంపెడు ఇచ్చేవాళ్ళు కదా. వాటిని నీళ్ళలో వేసి పిసికితే పీచుకి అంటుకున్న గుజ్జు వచ్చేది. అందులో కాస్త బెల్లం వేసి, బెల్లం లేకపోతే లేకుండానే, మిగిలిన తాటాకులతో అల్లిన చిన్న చాప మీద పోసేది. పల్చటిది, కాగితమంత. అది అయిపోతే శ్రావణ భాద్రపదాల్లో తాటిపళ్ళు ఎలాగూ రాలతాయి, వాటితో తాటి తాండ్ర.

“మీదాని కంటే మాదే బాగుండేదండీ. పులుపుండేది. మీది ఒకసారి తిన్నాను. పెళ్ళయ్యాక మా ఆయన రాజమండ్రిలో కొనుక్కొచ్చాడు. ఒట్టి తీపి.”

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఆమెని చూడబోయేముందు నా మనసులో ఒక బొమ్మ ఉంది. గుమ్మం బయట నిలబడి, లోపలి తాండ్ర వైపు ఆశగా చూసే ఒక ఆడపిల్ల. ఆ బొమ్మతో ఒక వ్యాసం చాలా బాగా వచ్చేది. మళ్ళీ ఉత్తరాలు వచ్చేవి. ఆమె దగ్గరున్నది అది కాదు. ఆమెకొక తాండ్ర ఉంది, దానికొక రుచి ఉంది, పోసిన తల్లి ఉంది, చాలనప్పుడు వేసుకున్న బెల్లం లెక్క ఉంది. మా డాబా మీది తాండ్రతో పోల్చి చూసి, తనదే మేలని తేల్చుకుంది కూడా. అన్యాయం దీనివల్ల తగ్గదు. టెంకలు కూలీగా ఇచ్చారన్నది అలాగే ఉంది, నీళ్ళు చల్లారన్నదీ అలాగే ఉంది. కానీ జాలిపడటానికి వెళ్ళిన నేను, ఒక రుచిని కోల్పోయినది నేనేనని తెలుసుకుని వచ్చాను.

దీని గురించి రాయవచ్చా అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

“చాపల సంగతి రాయండి. మా అమ్మ కూడా పోసేదని రాయండి. పేరు మటుకు ఉంచండి. మా అమ్మాయి ఎమ్మే తెలుగు చదువుతోంది. పేరు పెట్టి అది రాస్తుందిలెండి.”

అందుకే ఈ వ్యాసంలో ఆ పేరు లేదు. నాకు తెలియక కాదు.

పుస్తకం సంగతికి వస్తాను. తినుబండారాలకి ఇప్పుడు గుర్తింపులు వస్తున్న కాలం. మా వైపు ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మండే కుండ మీద పిండి గుడ్డ లాగి రేకు తీసేది ఎక్కువగా ఆడవాళ్ళే. దరఖాస్తు పెట్టిన తయారీదారుల సంఘానికి ఉన్నది సర్ ఆర్థర్ కాటన్ పేరు. గోదావరి జిల్లాల్లో ఆ పేరుకున్న గౌరవం నాకు తెలుసు. అయినా చదివినప్పుడు నవ్వొచ్చింది. ఊరి పేరు నిలుస్తుంది, ఆనకట్ట కట్టిన దొర పేరు నిలుస్తుంది. కుండ ముందు కూర్చున్న మనిషి పేరుకి అట్ట మీద చోటుండదు. నేను రాసిన వ్యాసాలు కూడా ఆ ప్యాకెట్ అట్టల్లాంటివే కాకూడదని ఇప్పుడు అనుకుంటున్నాను.

‘అత్తయ్య తాండ్ర’ని తీసెయ్యడం తేలిక. తీసేస్తే నేను ముందునుంచీ తెలిసినదానిలా కనబడతాను. చివరి వాక్యం మార్చి వెయ్యడం ఇంకా తేలిక. రెండూ చెయ్యడం లేదు. 2004లో ఎలా ఉందో అలాగే పుస్తకంలో ఉంటుంది. దాని పక్కన ఇది ఉంటుంది. రెండిటి మధ్యా ఇరవై ఏళ్ళు నేను అడగని రెండు ప్రశ్నలున్నాయి. ఎంతకి అమ్మావు? చాప ఎవరిది?

ప్రచురణకర్తకి ఫోన్ చేసి ఇంకో మాట చెప్పాను. ఆ ఎమ్మే చదివే అమ్మాయి రాసింది ఎప్పుడు వస్తే అప్పుడు, తన పేరుతో, తన ఇష్టమైన చోట వస్తుంది. నా పుస్తకంలో దానికోసం ఖాళీ పేజీ ఉంచడం లేదు. ఆమె నా పుస్తకంలోకి రావలసిన అవసరం లేదు. 

అత్తయ్యకి ఈ వ్యాసం మొన్న చదివి వినిపించాను, అచ్చుకి ఇవ్వకముందే. పాతిక ముప్ఫై కిలోలన్నది సరిగ్గా రాశావా అని అడిగింది. రాశానన్నాను. చాపల భాగం దగ్గర ఏమీ అనలేదు. చదవడం అయ్యాక, “ఆ పిల్లది పులుపన్నదా?” అంది. అవునన్నాను. “టెంక దగ్గరే పులుపుండేది. నిజమే” అని, కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకుంది.